టీవీ డబ్బు ఇంగ్లండ్‌ది.. ఓటు హక్కు జర్మనీ ఫ్యాన్స్‌ది.. ప్రీమియర్ లీగ్, బుండెస్‌లిగా మధ్య అసలు తేడా ఇదే!

2024 ఫిబ్రవరి.. జర్మనీలోని ఫుట్‌బాల్ స్టేడియంలు. మ్యాచ్ నడుస్తుండగానే గ్యాలరీల నుంచి గ్రౌండ్‌లోకి ఒక్కసారిగా టెన్నిస్ బంతుల వర్షం. రెఫరీ విజిల్ వేశాడు. ఆట ఆగిపోయింది. బంతులన్నీ ఏరేసి మళ్లీ మొదలుపెడితే, కాసేపటికి ఇంకో విడత. ఒకచోట బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు విసిరారు. ఇంకోచోట రిమోట్‌తో నడిచే బొమ్మ కార్లను గ్రౌండ్‌లోకి వదిలారు. సోషల్ మీడియాలో ఈ వీడియోలు చూసి చాలామంది నవ్వుకున్నారు. కానీ అక్కడి అభిమానుల కోపం మాత్రం ఉత్తుత్తిది కాదు.

ఇంతకీ గొడవ ఏంటంటే.. జర్మనీ లీగ్ మీడియా ఆదాయంలో కొంత వాటాను ఓ పెట్టుబడి సంస్థకు ఇచ్చి, బదులుగా దాదాపు 100 కోట్ల యూరోలు తెచ్చుకోవాలని లీగ్ నిర్వాహకులు ప్లాన్ వేశారు. 2023 డిసెంబర్‌లో రెండు డివిజన్లలోని 36 క్లబ్బులు ఓటేస్తే 24 క్లబ్బులు ఓకే అన్నాయి. కావాల్సింది కూడా సరిగ్గా 24 ఓట్లే. "మా లీగ్‌ను అమ్మడానికి మీరెవరు?" అంటూ అభిమానులు రోడ్డెక్కలేదు, నేరుగా గ్రౌండ్‌లోనే నిరసనకు దిగారు. వారాల తరబడి మ్యాచ్‌లు ఆగుతూ సాగాయి. చివరికి 2024 ఫిబ్రవరి 21న లీగ్ వెనక్కి తగ్గింది. డీల్ క్యాన్సిల్!

ఇదే సీన్ ఇంగ్లండ్‌లో ఊహించగలమా? అక్కడ లీగ్‌లో వాటా సంగతి దేవుడెరుగు.. క్లబ్బులకు క్లబ్బులే చేతులు మారుతుంటాయి. అమెరికా ఇన్వెస్టర్లు, అబుదాబి రాజకుటుంబం, సౌదీ ప్రభుత్వ నిధి.. ఎవరైనా కొనొచ్చు. రెండు లీగ్‌ల మధ్య తేడా ఆట స్టైల్‌లో ఉందని, వేగంలో ఉందని రకరకాలుగా చెబుతుంటారు. అవన్నీ తర్వాతి మాట. అసలు ప్రశ్న ఒక్కటే.. క్లబ్ ఎవరిది?

ముందు బేసిక్స్ చూసేద్దాం

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 1992లో మొదలైంది. ఇప్పుడు 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. చివరి 3 స్థానాల్లో ఉన్నవి కింది డివిజన్‌కు వెళ్లిపోతాయి. జర్మనీ బుండెస్‌లిగా 1963లోనే మొదలైంది. 18 జట్లు, 34 మ్యాచ్‌లు. చివరి 2 జట్లు నేరుగా కిందకు పోతాయి. 16వ స్థానంలో ఉన్న జట్టుకు మాత్రం ఇంకో ఛాన్స్ ఉంటుంది. కింది డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టుతో ప్లేఆఫ్ ఆడాలి. గెలిస్తే ఉంటుంది, లేదంటే బ్యాగ్ సర్దుకోవాల్సిందే. నిజం చెప్పాలంటే టైటిల్ రేసు కంటే ఈ ప్లేఆఫ్‌లోనే టెన్షన్ ఎక్కువ.

50+1.. ఈ ఒక్క రూల్ అర్థమైతే చాలు

జర్మనీలో క్లబ్ అంటే కంపెనీ కాదు, సభ్యుల సంఘం. మన ఊళ్లలో పాల సొసైటీ ఎలా ఉంటుందో దాదాపు అలాంటిదే. చందా కట్టి సభ్యత్వం తీసుకోవాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరుగుతుంది. అధ్యక్షుడిని ఓటేసి ఎన్నుకోవాలి. లెక్కలు అడగొచ్చు, నిలదీయొచ్చు.

1998లో జర్మనీ ఫుట్‌బాల్ సంఘం ఓ మార్పు తెచ్చింది. క్లబ్బులు తమ ప్రొఫెషనల్ జట్టును కంపెనీగా మార్చుకోవచ్చు, బయటి నుంచి పెట్టుబడి తెచ్చుకోవచ్చు అంది. కానీ ఒక షరతు. ఓటు హక్కుల్లో సగం, దాని పైన ఇంకో ఓటు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. అదే 50+1 రూల్. వంద కోట్లు పెట్టినా, వెయ్యి కోట్లు పెట్టినా చివరి మాట మాత్రం సభ్యులదే.

బేయర్న్ మ్యూనిక్‌నే తీసుకోండి. ఆ క్లబ్‌కు 4 లక్షల మందికి పైగా సభ్యులు ఉన్నారు. కంపెనీలో 75 శాతం వాటా సంఘానిదే. మిగతా 25 శాతం అడిడాస్, ఆడి, అలియాంజ్ సంస్థలు సమానంగా పంచుకున్నాయి. అంత పెద్ద క్లబ్ అయినా సభ్యుల సమావేశం అంటే యాజమాన్యానికి చెమటలు పట్టాల్సిందే. 2021 నవంబర్‌లో ఖతార్ ఎయిర్‌వేస్ స్పాన్సర్‌షిప్‌పై సభ్యులు గట్టిగా నిలదీయడంతో మీటింగ్ రచ్చ రచ్చగా ముగిసింది. 2023లో ఆ ఒప్పందం ముగిశాక క్లబ్ దాన్ని పొడిగించలేదు.

మరి ఈ రూల్‌కు లొసుగులు లేవా అంటే.. ఉన్నాయి. బేయర్ మందుల కంపెనీకి చెందిన లెవర్కూసెన్, ఫోక్స్‌వ్యాగన్ చేతిలోని వోల్ఫ్స్‌బర్గ్ మొదటి నుంచీ మినహాయింపు మీద నడుస్తున్నాయి. ఇక లైప్‌జిగ్‌ది ఇంకో దారి. రెడ్‌బుల్ 2009లో కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టి 2016కల్లా టాప్ లీగ్‌కు తెచ్చింది. కాగితం మీద రూల్ పాటించినట్టే ఉంటుంది. కానీ ఓటు హక్కున్న సభ్యులు మాత్రం గుప్పెడు మందే. క్లబ్ పేరులో స్పాన్సర్ పేరు పెట్టకూడదు కాబట్టి 'ఆర్‌బీ' అంటే రెడ్‌బుల్ కాదు, 'రాజెన్‌బాల్‌స్పోర్ట్' అట! ఆ మాటకు 'గడ్డి మీద బంతాట' అని అర్థం. తెలివి అంటే ఇదే మరి. అందుకే ప్రత్యర్థి అభిమానులు ఆ జట్టును ఇప్పటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోరు.

ఇంగ్లండ్‌లో ఓనర్‌దే రాజ్యం

ఇంగ్లండ్ సీన్ పూర్తిగా వేరు. 2003లో రష్యా బిలియనీర్ అబ్రమోవిచ్ చెల్సీని కొన్నాడు. 2008లో అబుదాబి షేక్ మన్సూర్ మాంచెస్టర్ సిటీని తీసుకున్నారు. 2021లో సౌదీ నిధి న్యూకాసిల్‌ను దక్కించుకుంది. డబ్బు వరదలా వచ్చింది. ట్రోఫీలూ వచ్చాయి. చెల్సీ రెండుసార్లు, సిటీ ఒకసారి చాంపియన్స్ లీగ్ గెలిచాయి.

అయితే ఓనర్ మంచోడైతే పంట పండినట్టే, లేదంటే అభిమాని చేసేదేమీ ఉండదు. ఇందుకు మనకు బాగా తెలిసిన పేరే ఒకటి ఉంది. చికెన్ వ్యాపారంలో దేశమంతా పరిచయమున్న పుణె కంపెనీ వెంకీస్, 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొనేసింది. అప్పటికి ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌లోనే ఉంది. 1995లో టైటిల్ కూడా కొట్టిన క్లబ్ అది. కొన్న రెండో సీజన్‌లోనే, 2012లో కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ రోజు విగన్‌తో మ్యాచ్‌లో బ్లాక్‌బర్న్ జెండా చుట్టిన ఓ కోడి గ్రౌండ్‌లో తిరగడం టీవీల్లో లైవ్‌గా వచ్చింది. అభిమానుల నిరసన అది. 2017లో ఆ క్లబ్ మూడో డివిజన్ దాకా జారింది, ఏడాదికే మళ్లీ రెండో డివిజన్‌కు చేరింది. 2012లో వదిలిన ప్రీమియర్ లీగ్ మెట్టు మాత్రం ఆ తర్వాత ఎక్కలేకపోయింది. బ్లాక్‌బర్న్ జర్మనీలో ఉండి ఉంటే అభిమానులకు కోడితో పని ఉండేది కాదు, ఓటేస్తే సరిపోయేది.

అలాగని విదేశీ ఓనర్లంతా ఒకటే అనుకోవద్దు. లెస్టర్ సిటీని కొన్న థాయ్‌లాండ్ వ్యాపారి విచాయ్‌ని ఆ ఊరు ఇప్పటికీ గుండెల్లో పెట్టుకుంటుంది. 2016లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. సీజన్ మొదట్లో ఆ జట్టు టైటిల్ కొడుతుందని పందెం కడితే 1కి 5000 ఇస్తామన్నారు బుకీలు. 2018లో స్టేడియం పక్కనే హెలికాప్టర్ కూలి విచాయ్ చనిపోతే వేలమంది వచ్చి పూలు పెట్టారు. ఓనర్ అంటే విలన్ అనే లెక్క అన్నిచోట్లా కుదరదు.

ఇంకో కథ వింబుల్డన్‌ది. టెన్నిస్ కాదు, అదే పేరున్న ఫుట్‌బాల్ క్లబ్. 1992 నుంచి 2000 దాకా ప్రీమియర్ లీగ్‌లో ఆడింది. 2002లో అనుమతి తెచ్చుకుని, ఆ మరుసటి ఏడాది క్లబ్‌ను ఓనర్లు లండన్ నుంచి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించేశారు. అభిమానులు ఊరుకోలేదు, తామే కొత్త క్లబ్ పెట్టుకున్నారు. అట్టడుగు లీగ్ నుంచి మెట్టు మెట్టు ఎక్కించారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానులకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022లో ఐఎస్‌ఎల్ ట్రోఫీ కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, యాజమాన్యం మారాక 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

డబ్బు లెక్కలో పోలికే లేదు

ఇక్కడికొచ్చేసరికి ఇంగ్లండ్‌దే పైచేయి. ఆ మాటకొస్తే పోటీయే లేదు. 2025 నుంచి 4 సీజన్లకు బ్రిటన్ టీవీ హక్కులను ప్రీమియర్ లీగ్ 670 కోట్ల పౌండ్లకు అమ్మింది. మన లెక్కలో 70 వేల కోట్ల రూపాయలకు పైమాటే. అదే 4 సీజన్లకు జర్మనీకి స్వదేశంలో వచ్చేది దాదాపు 448 కోట్ల యూరోలు. అంటే 40 వేల కోట్ల రూపాయలకు పైచిలుకు. అందులోనూ మెలిక ఉంది. ఆ మొత్తాన్ని రెండు డివిజన్ల క్లబ్బులూ పంచుకోవాలి.

విదేశీ ఆదాయం చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది. 2022-25 మధ్య ప్రీమియర్ లీగ్‌కు విదేశీ హక్కుల ద్వారా వచ్చింది, బ్రిటన్‌లో వచ్చిన దాన్నే దాటేసింది. ఆసియా, అమెరికా, ఆఫ్రికా.. ఎక్కడ చూసినా అదే లీగ్. 2023-24లో పట్టికలో అట్టడుగున నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు కూడా లీగ్ నుంచి 10 కోట్ల పౌండ్లకు పైగా ముట్టింది. ఓడిపోయినా కోట్లే!

ఈ డబ్బు ఎటు పోతుందో లెవర్కూసెన్‌ను అడిగితే చెబుతుంది. 2023-24లో జాబీ అలోన్సో కోచింగ్‌లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా బుండెస్‌లిగా గెలిచింది. 34 మ్యాచ్‌ల్లో 28 విజయాలు, 6 డ్రాలు. ఏడాది తిరిగింది. 2025 వేసవిలో కోచ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. స్టార్ ప్లేయర్ ఫ్లోరియన్ విర్ట్జ్‌ను లివర్‌పూల్ 10 కోట్ల పౌండ్లతో పట్టుకుపోయింది. ఫ్రింపాంగ్ కూడా అక్కడికే. మిడ్‌ఫీల్డ్‌కు వెన్నెముకలా నిలిచిన గ్రానిట్ జాకా ఎక్కడికి వెళ్లాడో తెలుసా? సండర్లాండ్‌కు! అప్పుడే కింది డివిజన్ నుంచి ప్రీమియర్ లీగ్‌కు వచ్చిన జట్టు అది. ఒక దేశంలో టైటిల్ కొట్టిన జట్టు నుంచి ఇంకో దేశంలో కొత్తగా అడుగుపెట్టిన జట్టుకు ప్లేయర్ వెళ్తున్నాడంటే.. రెండు లీగ్‌ల మధ్య డబ్బు గ్యాప్ ఏ రేంజ్‌లో ఉందో ఊహించుకోవచ్చు.

ఎదురు దారిలో వెళ్లిన పెద్ద పేరు హ్యారీ కేన్. ఒక్క ట్రోఫీ అయినా కొట్టాలని 2023లో టాటెన్‌హామ్ వదిలి బేయర్న్‌కు వెళ్లాడు. తొలి సీజన్‌లో లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు. కానీ లెవర్కూసెన్ అజేయంగా గెలిచింది ఆ సీజన్‌లోనే! బేయర్న్ చేతికి ఏ ట్రోఫీ రాలేదు. కేన్ కల 2025లో తీరింది.

మరి మజా ఎందులో ఎక్కువ?

"బుండెస్‌లిగాలో ఎప్పుడూ బేయర్నే కదా గెలిచేది, ఇంకేం చూస్తాం" అనేది చాలామంది మాట. 2013 నుంచి 2023 దాకా వరుసగా 11 టైటిల్స్ బేయర్నే కొట్టింది కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. అయితే ఒక లెక్క చూడండి. ప్రీమియర్ లీగ్ మొదలైన 1992 నుంచి 2025 దాకా అక్కడ టైటిల్ గెలిచిన క్లబ్బులు 7. అదే కాలంలో జర్మనీలో గెలిచిన క్లబ్బులు ఎన్ని? అవీ 7! కైజర్స్‌లాటర్న్ అయితే కింది డివిజన్ నుంచి వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1998లో చాంపియన్ అయింది.

తేడా ఎక్కడొచ్చిందంటే పంపకంలో. ఈ 33 సీజన్లలో బేయర్న్ ఒక్కటే 22 గెలిచింది. ఇంగ్లండ్‌లో అత్యధికంగా గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ లెక్క 13. పైగా 2013 తర్వాత ఆ జట్టుకు ఒక్క టైటిలూ లేదు. 50+1ను తప్పుపట్టేవాళ్లు ఎత్తిచూపేది దీన్నే. బేయర్న్‌కు ఎప్పటి నుంచో బలం ఉంది, దాన్ని ఢీకొట్టాలంటే మిగతావాళ్లకు బయటి పెట్టుబడి కావాలి, ఆ దారేమో మూసేశారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2023లో డార్ట్‌మండ్ చివరి రోజు సొంత గ్రౌండ్‌లో మైంజ్‌పై గెలిస్తే చాలు, కప్పు వాళ్లదే. 2-2తో డ్రా అయింది. అక్కడ కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్ కొట్టాడు. పాయింట్లు సమానం, గోల్ తేడాతో మళ్లీ బేయర్న్. ఆ రోజు పసుపు జెర్సీల్లో ఏడ్చినవాళ్లను చూస్తే ఏ జట్టు అభిమానికైనా మనసు చివుక్కుమంటుంది.

కానీ పట్టిక కింది సగం చూస్తే సీన్ రివర్స్. 2023-24లో ప్రీమియర్ లీగ్‌కు కొత్తగా వచ్చిన 3 జట్లూ అదే ఏడాది కిందకు పోయాయి. 2024-25లో వచ్చిన మూడూ అంతే. అంటే ఆ రెండేళ్లూ వచ్చినవి వచ్చినట్టే పోయాయి. జర్మనీలో 2023లో మొదటిసారి టాప్ లీగ్‌కు వచ్చిన హైడెన్‌హైమ్.. ఊరి జనాభా అటూ ఇటూగా 50 వేలు.. తొలి సీజన్‌లోనే 8వ స్థానంలో నిలిచి యూరప్ పోటీలకు వెళ్లింది. అదే 2023లో రెలిగేషన్ ప్లేఆఫ్ ఆడి బతికి బయటపడ్డ స్టుట్‌గార్ట్, మరుసటి ఏడాది బేయర్న్‌ను దాటేసి రెండో స్థానంలో నిలిచింది.

అసలు సభ్యుల క్లబ్ అంటే ఏంటో తెలియాలంటే యూనియన్ బెర్లిన్ కథ వినాలి. 2004లో క్లబ్ దగ్గర డబ్బుల్లేకపోతే అభిమానులు రక్తదానం చేసి, వచ్చిన డబ్బు క్లబ్‌కు ఇచ్చారు. 2008లో స్టేడియం బాగు చేయాల్సి వస్తే 2000 మందికి పైగా వచ్చి సిమెంటు మోశారు, కమ్మీలు బిగించారు. దాదాపు 1.4 లక్షల గంటల శ్రమదానం! ఆ జట్టు 2019లో టాప్ లీగ్‌కు, 2023లో చాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది.

మరీ పొగడక్కర్లేదు కూడా. అదే బెర్లిన్‌లో హెర్తా క్లబ్ ఓ ఇన్వెస్టర్ నుంచి 37 కోట్ల యూరోలకు పైగా తీసుకుంది. 50+1 ఉన్నా ఆ డబ్బు ఎలా కరిగిపోయిందో చూస్తూ ఉండిపోయారు సభ్యులు. 2023లో ఆ జట్టు కిందకు పడిపోయింది. ఓటు ఉన్నంత మాత్రాన తెలివైన నిర్ణయాలే జరగాలని లేదు.

టికెట్ కొనే అభిమాని పరిస్థితి

1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత ఇంగ్లండ్ పెద్ద లీగ్‌ల స్టేడియంలలో నిల్చుని చూసే గ్యాలరీలు తీసేసి అన్నీ సీట్లే చేశారు. భద్రత పెరిగింది, దాంతోపాటు రేట్లూ పెరిగాయి. సురక్షితమైన స్టాండింగ్ ఏరియాలకు మళ్లీ అనుమతి వచ్చింది 2022లోనే. ఆర్సెనల్‌లో అతి చవకైన సీజన్ టికెట్ 2024-25 నాటికి 1000 పౌండ్లు దాటింది. 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలోనే మిగిలిన టికెట్ల ధరను 66 పౌండ్లు చేసేసింది. పిల్లలకు, వృద్ధులకు రాయితీ కూడా లేదు. ఒక్క విషయంలో మాత్రం అభిమానులు గెలిచారు. బయటి ఊళ్లకు వెళ్లి చూసేవాళ్ల టికెట్ 30 పౌండ్లు మించకూడదని 2016 నుంచి రూల్ ఉంది.

జర్మనీలో నిల్చునే గ్యాలరీలను ఉంచేశారు. డార్ట్‌మండ్ స్టేడియం దక్షిణ వైపు దాదాపు 25 వేల మంది నిల్చుని అరుస్తుంటే.. దాన్నే 'ఎల్లో వాల్' అంటారు. చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్ ఉంటే ఆ రోజు బస్సు, ట్రైన్ ఫ్రీ. బేయర్న్ లాంటి క్లబ్‌లోనూ నిల్చుని చూసే సీజన్ టికెట్ ఏళ్ల తరబడి 150 యూరోల లోపే ఉండేది.

ఇంగ్లండ్ మారుతోందా?

2021 ఏప్రిల్‌లో యూరప్ పెద్ద క్లబ్బులు 'సూపర్ లీగ్' అంటూ ప్రకటన చేశాయి. ఇంగ్లండ్ నుంచి 6 క్లబ్బులు చేరాయి. జర్మనీ నుంచి ఒక్కటి కూడా లేదు. బేయర్న్, డార్ట్‌మండ్ నో చెప్పేశాయి. లండన్‌లో చెల్సీ స్టేడియం ముందు అభిమానులు రోడ్డు దిగ్బంధం చేశారు. రెండు రోజుల్లో 6 క్లబ్బులూ తప్పుకున్నాయి. ఆ గొడవతో బ్రిటన్ ప్రభుత్వం కదిలింది. అభిమానుల అభిప్రాయాలతో రివ్యూ చేయించింది. చివరికి 2025 జులైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. క్లబ్ ఎవరు కొంటున్నారు, లెక్కలు సరిగా ఉన్నాయా అని చూసేందుకు ప్రత్యేక రెగ్యులేటర్ ఏర్పాటైంది. అభిమానికి ఓటు మాత్రం ఇవ్వలేదు. వాళ్లతో క్లబ్ సంప్రదించాలి, అంతే.

మరి మన దగ్గర చూసేవాళ్లకు? శనివారం మధ్యాహ్నం మొదలయ్యే బుండెస్‌లిగా మ్యాచ్‌లు మనకు వేసవి టైమింగ్ అయితే రాత్రి 7 గంటలకు, చలికాలంలో 8 గంటలకు మొదలవుతాయి. ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆ తర్వాత అరగంటకు. ఇక్కడో విచిత్రం ఉంది. స్టేడియాలకు జనం తగ్గకూడదని, శనివారం 3 గంటల మ్యాచ్‌లను బ్రిటన్‌లో టీవీల్లో లైవ్ చూపించరు. దశాబ్దాలుగా ఇదే రూల్. అంటే టికెట్ దొరకని లండన్ అభిమాని ఇంట్లో కూర్చుని రేడియో వినాలి. అదే మ్యాచ్‌ను వరంగల్‌లోనో విజయవాడలోనో ఫోన్‌లో లైవ్ చూసేయొచ్చు.